పోర్ట్ బ్లెయిర్ దాకా వెళ్ళిన విమానం దిగకుండా ఎందుకొస్తుంది?

జూన్ నుంచి సెప్టెంబరు దాకా చెన్నై మీనంబాక్కం విమానాశ్రయంలో అప్పుడప్పుడూ ఇలా జరుగుతుంటుంది. పొద్దున పోర్ట్ బ్లెయిర్‌కని బయలుదేరిన విమానం నాలుగున్నర, ఐదు గంటలు గాలిలో గడిపి మళ్ళీ మీనంబాక్కంలోనే దిగుతుంది. అందులో ఉన్నవాళ్ళలో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వెళ్ళి అండమాన్‌లో స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. సొంతూరికి వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు వాళ్ళలో ఎంతోమందికి చెన్నైయే దారి. దిగలేదని అవతల ఎదురుచూస్తున్న చుట్టాలకు ఫోన్ చేస్తే, వాళ్ళడిగే మొదటి మాట: "ఇక్కడ వానే లేదే, ఎందుకు దిగలేదట?"

అడగాల్సిన ప్రశ్నే అది. వాన లేని రోజున కూడా విమానం వెనక్కి రావచ్చు. జోరున వాన పడుతున్న రోజున చక్కగా దిగనూవచ్చు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో వీర్ సావర్కర్ విమానాశ్రయాన్ని శాసించేవి రెండు. ఒకటి గాలి దిక్కు. రెండోది, చుట్టుపక్కల దిగడానికి మరో చోటు లేకపోవడం. వాన వీటి తర్వాతే.

ముందు రన్‌వే సంగతి. ఇది నౌకాదళం వాళ్ళ ఐఎన్ఎస్ ఉత్క్రోశ్ స్థావరం. ప్రయాణికుల విమానాలూ అదే రన్‌వేని వాడుకుంటాయి. పొడవు సుమారు 3,290 మీటర్లు, అంటే జెట్ విమానాలకు ఏమాత్రం తక్కువ కాదు. రన్‌వే ఒక కొసకు 04 అని, రెండో కొసకు 22 అని పేరు. దిక్సూచి డిగ్రీల్లో చివరి సున్నా తీసేసి రాస్తారు కాబట్టి, 04 అంటే విమానం ముక్కు 40 డిగ్రీల వైపు, అంటే ఈశాన్యానికి ఉంటుందన్న మాట. 22 అంటే 220 డిగ్రీలు, నైరుతి. చిక్కంతా ఈశాన్యం కొస దగ్గరే ఉంది. అటువైపు ఎత్తైన నేల, కొండలు. అందుకే జెట్ విమానాలు ప్రధానంగా నైరుతి వైపు నుంచి వచ్చి 04 మీద దిగుతాయి. ఎగిరేటప్పుడు కొండలకు వీపు తిప్పి 22 మీద నైరుతికే పోతాయి. రావడమూ పోవడమూ ఒకే గుమ్మంలోంచి.

మామూలు విమానాశ్రయంలో గాలి దిక్కు మారితే రన్‌వే దిశనూ మార్చేస్తారు. చెన్నై ప్రధాన రన్‌వే 07, 25. పడమటి గాలి వీచే నెలల్లో 25 మీద, ఈశాన్య రుతుపవనాల కాలంలో 07 మీద దించుతారు. ఎప్పుడైనా ఎదురుగాలిలోనే దిగాలి, ఎదురుగాలిలోనే ఎగరాలి అన్నది విమానయానంలో మొదటి పాఠం. పోర్ట్ బ్లెయిర్‌లో ఆ వెసులుబాటు దాదాపు లేదు.

ఇక కాలం సంగతి చూడండి. నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందే, మే మూడో వారం ప్రాంతంలో అండమాన్ సముద్రాన్ని చేరతాయి. అప్పటి నుంచి సెప్టెంబరు దాకా గాలి నైరుతి, పడమర దిక్కుల నుంచే వీస్తుంది. విమానం నైరుతి నుంచి వచ్చి ఈశాన్యానికి దిగుతుంది. అంటే రుతుపవనపు గాలి దాన్ని వీపు మీద తోస్తుంది. దీన్నే టెయిల్‌విండ్ అంటారు, వెనకగాలి. చాలా జెట్ విమానాలకు ల్యాండింగ్‌లో వెనకగాలి పరిమితి 10 నాట్లు, కొన్నింటికి 15. నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. కాబట్టి 10 నాట్లంటే గంటకు పద్దెనిమిదిన్నర కిలోమీటర్ల గాలి. కొబ్బరాకులు ఊగడానికి సరిపోయేంత గాలి, అంతే. నేల మీద నిలబడ్డవాళ్ళకు దాన్ని చూస్తే భయం పుట్టదు. "ఇక్కడ ఏమీ లేదే" అన్న మాట అందుకే వస్తుంది.

ఇక్కడ లెక్క చాలా సున్నితం. గాలి 240 డిగ్రీల నుంచి 14 నాట్ల వేగంతో వీస్తోందనుకుందాం. దిగే విమానానికి సరిగ్గా వెనక దిక్కు 220. తేడా 20 డిగ్రీలు. ఆ గాలిలో 13 నాట్లు వెనకనుంచి, దాదాపు 5 నాట్లు పక్కనుంచి పడతాయి. 10 పరిమితి ఉన్న విమానం దిగకూడదు. అదే 14 నాట్ల గాలి కాస్త తిరిగి 280 నుంచి, అంటే దాదాపు పడమటి నుంచి వచ్చిందనుకోండి, తేడా 60 డిగ్రీలవుతుంది. వెనకగాలి 7 నాట్లకు తగ్గి, అడ్డగాలి 12కు పెరుగుతుంది. అడ్డగాలిని జెట్ విమానాలు బాగానే తట్టుకుంటాయి. ఎయిర్‌బస్ ఏ320 తరగతి విమానాలకు పరీక్షల్లో చూపించిన అడ్డగాలి 30 నాట్లకు పైమాటే. తడి రన్‌వే మీద ఆ హద్దును తగ్గించుకుంటారు గానీ, 12 నాట్లు ఏ లెక్కకూ రావు. గాలి వేగం ఒక్క నాట్ కూడా తగ్గలేదు, దిక్కు మాత్రం 40 డిగ్రీలు తిరిగింది. ఒక విమానం వెనక్కి పోయిన ఇరవై నిమిషాలకు ఇంకో విమానం దిగడం వెనక రహస్యం చాలాసార్లు ఇదే. ఆ రెండో విమానం పైలట్‌కు ధైర్యం ఎక్కువనో, మొదటి పైలట్ భయపడ్డాడనో అనుకోవడం అన్యాయం.

పది నాట్ల దగ్గర గీత ఎందుకు గీశారన్నది కూడా తెలియాలి. గాలిలో 140 నాట్ల వేగంతో వచ్చే విమానం 10 నాట్ల ఎదురుగాలిలో నేల మీద 130తో దిగుతుంది, 10 నాట్ల వెనకగాలిలో 150తో. తేడా ఇరవయ్యే. కానీ బ్రేకులు అరికట్టాల్సిన శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందువల్ల బ్రేకుల మీద భారం మూడో వంతు ఎక్కువవుతుంది. దిగే కోణం మూడు డిగ్రీలే ఉంచాలంటే నిమిషానికి 650 అడుగులకు బదులు 750 అడుగులు కిందికి రావాలి. ఇంజన్లు దాదాపు అతి తక్కువ శక్తికి (ఐడిల్‌కు) వస్తాయి, వేగం తగ్గనని మొండికేస్తుంది, చక్రాలు తాకాల్సిన చోటు దాటిపోతుంది. దీనికి తడి తోడైతే పరిస్థితి ఇంకా మారుతుంది. టైరులో గాలి పీడనం చదరపు అంగుళానికి 200 పౌండ్లుంటే, రన్‌వే మీద నీరు నిలిచినప్పుడు సుమారు 127 నాట్లకు పైన టైరు నేలను వదిలి నీటి పొర మీద జారే ప్రమాదం ఉంది. 150తో తాకిన చక్రం ఆ గండం దాటడానికి చాలా మీటర్లు తినేస్తుంది. నీటి పొర 3 మిల్లీమీటర్లు దాటిందంటే దాన్ని తడి అనరు, లెక్కలే వేరు. పైగా విమానాలన్నీ ఒకే కొస నుంచి దిగే చోట టైర్ల రబ్బరు కూడా ఆ ఒక్క కొసలోనే పేరుకుంటుంది. వానాకాలానికి ముందు ఆ రబ్బరు తీయించడం ఇక్కడ మరీ ముఖ్యం.

పొడవు విషయంలో నిబంధన గట్టిగానే ఉంటుంది. బయలుదేరే ముందు వేసే లెక్కలో, పొడి రన్‌వే అయితే 60 శాతంలోపు ఆగగలగాలి. తడి అయితే ఇంకో 15 శాతం పొడవు అదనంగా ఉండాలి. 3,290 మీటర్లూ లెక్కలోకి వస్తాయనుకుంటే, తడిసినప్పుడు విమానం సుమారు 1,716 మీటర్లలో ఆగేలా ఉండాలన్న మాట. ఆ దూరం చాలా విమానాలకు సరిపోతుంది. కాబట్టి ఇక్కడ దిగనివ్వనిది రన్‌వే పొడవు కాదు, తయారీదారు నిర్ణయించిన వెనకగాలి హద్దు.

గో-అరౌండ్ సంగతి కూడా ఇందులోదే. దిగడం కుదరక మళ్ళీ పైకి లేస్తే ఎదురుగా ఎత్తైన నేల ఉంటుంది. వెనకగాలిలో పైకి లేచే విమానం అదే దూరంలో తక్కువ ఎత్తు ఎక్కుతుంది. అందువల్ల ఇక్కడ ఆలస్యంగా మనసు మార్చుకోవడానికి వీల్లేదు. దిగాలా వద్దా అన్నది ఎత్తులో ఉండగానే తేల్చుకోవాలి. టవర్ చెప్పిన గాలి హద్దు దాటితే దిగడానికి రన్‌వే వైపు రావడం (అప్రోచ్) మొదలుపెట్టకుండా ఆకాశంలోనే చక్కర్లు కొడుతూ ఆగడమే (హోల్డింగ్) సరైన పని.

రోజులో ఏ వేళ అన్నది కూడా తేడా తెస్తుంది. పొద్దున నేల చల్లగా ఉన్నప్పుడు పైన ఉన్న బలమైన గాలి కిందికి దిగదు. ఎండెక్కేకొద్దీ గాలి పొరలు కలిసిపోయి, పైగాలి ఊపు నేల దాకా వస్తుంది, గస్ట్‌లు, అంటే ఉన్నట్టుండి విసిరే గాలులు, మొదలవుతాయి. సముద్రపు గాలి వాటికి తోడవుతుంది. దీవి నేల వేడెక్కి నాలుగు వైపుల నుంచీ గాలి లోపలికి వస్తే, మధ్యాహ్నానికి దీవి నెత్తిన మేఘాలు కట్టుకుంటాయి. నడిసముద్రం మీద కథ వేరు. అక్కడ వానలు రాత్రి చివరి జాములో, తెల్లవారుజామున ఎక్కువ. చెన్నై నుంచి వేకువనే బయలుదేరిన విమానం దారిలో మేఘాలను తప్పించుకుంటూ వెళ్ళినా, దిగేచోట గాలి నెమ్మదిగా ఉండే అవకాశం ఎక్కువ. మొదటి విమానమే మంచిదని ఈ దారిలో తిరిగేవాళ్ళు చెప్పే మాటకు ఆధారం ఇదే. ఇంకో సంగతి, పోర్ట్ బ్లెయిర్ 92.7 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరుంది. మన గడియారం 82.5 రేఖాంశానిది. ఆ తేడా 41 నిమిషాలు. డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదింటికే పొద్దు గుంకుతుంది. చాలాకాలం రాకపోకలన్నీ ఉదయం నుంచి మధ్యాహ్నం దాకానే సర్దుకోవాల్సి రావడంతో, ఒక విమానం గంట ఆగిందంటే ఆ రోజుకు వాయిదా పడినట్టే అయ్యేది.

ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు చివరి నుంచి, ఇదంతా తిరగబడుతుంది. దిగేవాళ్ళకు ఎదురుగాలి, ఎగిరేవాళ్ళకు వెనకగాలి. ఎగరడంలో వెనకగాలి వస్తే బరువు తగ్గించుకుని సర్దుకోవచ్చు, లేదా నేల మీదే కాసేపు ఆగవచ్చు. అందుకే ఈ కాలంలో విమానం ఆలస్యమవుతుంది గానీ, గాలి వల్ల వెనక్కి తిరగడం తక్కువ.

వానాకాలంలో ఈ దారిలో మరో విశేషం ఉంది. నేలకు దగ్గరగా గాలి పడమటి నుంచి వీస్తుంటే, 35 వేల అడుగుల పైన తూర్పు నుంచి వీస్తుంది. దక్షిణ భారతం మీదుగా 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తులో ప్రవహించే ఉష్ణమండల తూర్పు జెట్ అనే బలమైన గాలి ప్రవాహం దీనికి మూలం. చెన్నై నుంచి తూర్పుకు పోయే విమానానికి పైన ఎదురుగాలి తగిలి ప్రయాణం పది పదిహేను నిమిషాలు సాగవచ్చు. కిందికి దిగుతుంటే అదే గాలి మాయమై, వెనకనుంచి తోసే గాలి మొదలవుతుంది. వేగం తగ్గించుకోవడం ముందే మొదలుపెట్టకపోతే ఎత్తు మిగిలిపోతుంది. ఈ దారికి కొత్తగా వచ్చిన పైలట్లకు మొదట చెప్పాల్సిన జాగ్రత్తల్లో ఇదొకటి.

మేఘాల దగ్గరికి వద్దాం. బంగాళాఖాతంలో పెరిగే క్యుములోనింబస్, అంటే ఉరుములు మెరుపుల మేఘం, తల 50 వేల అడుగులు దాటగలదు. ఏ320 లాంటి విమానం 39 వేల అడుగుల దగ్గరే ఆగిపోతుంది. పైనుంచి దాటలేదు కాబట్టి పక్కనుంచే తప్పించుకోవాలి, అదీ కనీసం 20 నాటికల్ మైళ్ళు, అంటే 37 కిలోమీటర్లు వదిలి. విమానం ముక్కులోని రాడార్ నీటి చుక్కలను బాగా పట్టుకుంటుంది, పొడి మంచు స్ఫటికాలను సరిగ్గా పట్టుకోదు. ఈ అక్షాంశాల్లో గడ్డకట్టే మట్టం 16 వేల అడుగుల ప్రాంతంలో ఉంటుంది. దానికి పైన మేఘం తల అంతా మంచే. రాడార్‌ను తిన్నగా ముందుకే చూపిస్తే భయంకరమైన మేఘం కూడా ఆకుపచ్చ మచ్చలా సాదాగా కనిపించి మోసం చేస్తుంది. యాంటెనాను కిందికి వంచి, మేఘం తడి కడుపును చూడాలి. సీటు బెల్టు దీపం గంటసేపు వెలుగుతూనే ఉందని విసుక్కునే ప్రయాణికులకు ఈ మాట ఎవరూ చెప్పరు గానీ, ఆ గంటలో కాక్‌పిట్‌లో జరిగే ప్రధానమైన పని ఇదే.

ఇప్పుడు అసలు విషయం, ఇంధనం. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ నేరు దూరం సుమారు 1,360 కిలోమీటర్లు. ఏ విమానమైనా గమ్యంలో దిగలేకపోతే వెళ్ళడానికి ఒక ఆల్టర్నేట్ విమానాశ్రయాన్ని ముందే రాసుకుని, అక్కడికి సరిపడా ఇంధనం మోసుకెళ్ళాలి. హైదరాబాద్ వెళ్ళే విమానానికి విజయవాడో బెంగళూరో ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్‌కు? దక్షిణాన 280 కిలోమీటర్లలో కార్ నికోబార్ ఉంది, కానీ అది వాయుసేన స్థావరం. యాంగోన్, ఫుకెట్ సుమారు 700 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. అవి పరదేశం. పాస్‌పోర్టులు లేని దేశీయ ప్రయాణికులు 180 మందిని అక్కడ దించడం ప్రాణం మీదికి వస్తే తప్ప ఎవరూ ఎంచుకునే దారి కాదు. ఇక మిగిలినవి విశాఖ, కోల్‌కతా, చెన్నై. మూడూ 1,200 నుంచి 1,360 కిలోమీటర్ల మధ్యే.

అంటే చెన్నైలో ట్యాంకు నింపేటప్పుడే తిరిగి రావడానికి ఇంధనం లెక్క కట్టేస్తారు. ఏ320 తరగతి విమానం గంటకు సుమారు 2.4 టన్నులు తాగుతుందనుకుంటే, వెళ్ళడానికి ఐదు టన్నుల పైచిలుకు, తిరిగి రావడానికి ఐదు, చివరి అరగంట నిల్వకు టన్ను పైన, అక్కడ అరగంట తిరగడానికి ఇంకో టన్నూ పావు. దారి ఖర్చులో 5 శాతం అదనపు నిల్వ కలిపితే 13 టన్నుల చుట్టూ తేలుతుంది. ట్యాంకులో పడుతుంది, ఇబ్బంది లేదు. ఇబ్బంది దిగే బరువు దగ్గర వస్తుంది. ఈ రకం విమానాల గరిష్ఠ ల్యాండింగ్ బరువు 64 నుంచి 67 టన్నుల మధ్య. ఖాళీ విమానం సుమారు 44, నిండా జనం, సామాను 16, కడుపులో ఇంకా ఏడెనిమిది టన్నుల తిరుగు ఇంధనం. కూడితే హద్దు దాటుతుంది. అందుకే వాతావరణం అనుమానంగా ఉన్న రోజున కార్గో దించేస్తారు, కొన్ని సూట్‌కేసులు మరుసటి విమానంలో వస్తాయి, ఒక్కోసారి సీట్లు కూడా ఖాళీగా ఉంచుతారు. బరువెక్కువైన విమానం ఇంధనమూ ఎక్కువే తాగుతుంది. అదనంగా మోసే ప్రతి టన్నులో గంటకు సుమారు 3 శాతం దాన్ని మోయడానికే ఖర్చవుతుంది.

దీన్నిబట్టి, పోర్ట్ బ్లెయిర్ మీద చక్కర్లు కొడుతున్న విమానానికి ఉన్న గడువు అరగంట, నలభై నిమిషాలు. గడువు ముగిసిందంటే తిరగాల్సిందే. "ఇంకో పది నిమిషాలు ఆగితే దిగేవాళ్ళం కదా" అన్నది నిజమే కావచ్చు. కానీ ఆ పది నిమిషాల తర్వాత కూడా గాలి తగ్గకపోతే, నడిసముద్రం మీద చెన్నై చేరే ఇంధనం లేని విమానం మిగులుతుంది. వెనక్కి తిరిగిన విమానం ఓడిపోయినట్టు కాదు, చెన్నైలో వేసుకున్న ప్రణాళికను అక్షరాలా పాటించినట్టు. తిరిగొచ్చాక వెంటనే మళ్ళీ ఎందుకు బయలుదేరరంటే, సిబ్బంది డ్యూటీ గంటలు అయిపోతాయి, వేరే సిబ్బంది దొరకాలి, వెళ్ళేసరికి అక్కడ మధ్యాహ్నపు గాలి లేస్తుంది.

తుఫాన్ల మాట తెలుగువాళ్ళకు విడిగా చెప్పనక్కర్లేదు. మన తీరాన్ని కొట్టే చాలా తుఫాన్లు అండమాన్ సముద్రంలోనే పుడతాయి. 2013 నవంబరు 25న లెహర్ పోర్ట్ బ్లెయిర్ సమీపంలో దాటి, మచిలీపట్నం చేరేసరికి వాయుగుండంగా బలహీనపడింది. 2014 అక్టోబరు 8న హుద్‌హుద్ అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్ దగ్గర దాటింది. నాలుగు రోజుల తర్వాత విశాఖ విమానాశ్రయం పైకప్పు ఏమైందో అందరూ చూశారు. పోర్ట్ బ్లెయిర్‌కు ఆల్టర్నేట్‌గా రాసుకునే ఊళ్ళే ఆ తర్వాతి రోజుల్లో తుఫాను దారిలో ఉంటాయన్నది ఇందులో మెలిక. అలాంటి వారంలో విమానం దారీ ఇంధనమూ లెక్కగట్టే డిస్పాచర్ మ్యాప్ మీద మిగిలే చోట్లు చాలా తక్కువ.

ప్రయాణికులు స్వయంగా చూసుకోగలిగినది ఒకటుంది, మెటార్. ప్రతి విమానాశ్రయం తన వాతావరణాన్ని చిన్న కోడ్‌గా విడుదల చేస్తుంది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పోర్ట్ బ్లెయిర్ గుర్తు వీఓపీబీ. తర్వాత వచ్చే ఆరంకెల్లో మొదటి రెండు తేదీ, మిగతా నాలుగు గ్రీనిచ్ కాలం. దానికి ఐదున్నర గంటలు కలపాలి. 0330 అంటే మనకు ఉదయం తొమ్మిది. ఆ వెంటనే 24014 అని ఉంటే గాలి 240 డిగ్రీల నుంచి 14 నాట్లు. పైన వేసిన లెక్కలో ఇది దిగకూడని గాలి. మధ్యలో జి అక్షరం కనిపిస్తే గస్ట్, దాని పక్కన ఉన్నది గరిష్ఠ వేగం. తర్వాతి నాలుగంకెలు మీటర్లలో దృశ్యదూరం, 9999 అంటే పది కిలోమీటర్లు, అంతకు మించి. సీబీ అన్న అక్షరాలు క్యుములోనింబస్. గాలి 200కూ 250కీ మధ్య నుంచి 10 దాటి కనిపిస్తుంటే, ఇంటి నుంచి బయలుదేరే ముందే అవతలివాళ్ళకు ఒక మాట చెప్పి ఉంచడం మంచిది.

వానాకాలంలో వెళ్ళేవాళ్ళు అదే రోజున స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హేవ్‌లాక్) ఫెర్రీకి టికెట్ తీసుకోకూడదు. విమానాన్ని ఆపే గాలే సముద్రాన్నీ రేపుతుంది, ఫెర్రీలూ ఆగుతాయి. మందులు, చంటిపిల్లల సామాను చేతిసంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టె వెనకబడే అవకాశం ఎందుకుందో పైన చూశాం. వాతావరణం వల్ల రద్దయితే విమానసంస్థ నష్టపరిహారం ఇవ్వనక్కర్లేదు గానీ, డబ్బు వాపసో, మరో విమానమో అడిగే హక్కు ప్రయాణికుడిదే. కౌంటర్ దగ్గర ఈ రెండు మాటలనూ కలిపి చదవడం వల్లే సగం గొడవలు. ఓడ మరో దారి, కానీ చెన్నై నుంచైనా విశాఖ నుంచైనా దాదాపు మూడు రోజులు.

జనవరి నుంచి మార్చి దాకా పోర్ట్ బ్లెయిర్ వైపు ఆకాశం హాయిగా ఉంటుంది. ఆ నెలల్లో ఇబ్బంది వస్తే చెన్నై వైపే వస్తుంది. 2018 భోగి ఉదయం భోగి మంటల పొగ, మంచు కలిసి మీనంబాక్కంలో విమానాలను నిలిపేశాయి. అటువైపు నుంచి వచ్చే విమానానికి మాత్రం బెంగళూరు, తిరుపతి, హైదరాబాద్ అన్నీ చేతికందే దూరంలోనే ఉన్నాయి. పైగా ఆ పొగమంచు ఎండెక్కేసరికి విడిపోతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో పొద్దున లేచిన మొదటి విమానం రెండు గంటలు ప్రయాణం చేసి చెన్నై చేరేది సాధారణంగా ఆ తర్వాతే.